వాము నమిలితే పేగు ఎందుకు సడలుతుంది?

సూరత్‌లోని పర్వత్ పాటియా ప్రాంతంలో తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. కడుపులో మెలిపెడితే అక్కడి తెలుగింటి అమ్మమ్మ వాము తీస్తుంది. పక్కింటి గుజరాతీ బా అదే గింజను 'అజమో' అంటుంది. పేరు వేరైనా పేగులో జరిగేది ఒకటే.

పేగు గోడలో నునుపు కండరాలుంటాయి. చేతి కండరాల్లా ఇవి మన మాట వినవు, వాటంతట అవే లయబద్ధంగా ముడుచుకుంటూ ఆహారాన్ని ముందుకు నెడతాయి. ఈ కండర కణంలోకి కాల్షియం ప్రవేశించి కాల్‌మోడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలుస్తుంది. ఆ జంట ఒక ఎంజైమును మేల్కొలిపితే కండరం బిగుస్తుంది. ఆ బిగుతు హద్దు మీరితే మెలిపెట్టే నొప్పి. కాబట్టి కాల్షియం వచ్చే దారి మూస్తే కండరం సడలాలి.

వాము ఆ పని చేస్తుందా అన్నది తేల్చే పద్ధతి పాతదే. 1904లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ మాగ్నస్, శరీరం నుంచి వేరుచేసిన పేగు ముక్కను వెచ్చటి లవణ ద్రావణంలో ఉంచి, ఆక్సిజన్ అందిస్తే అది చాలాసేపు ముడుచుకుంటూనే ఉంటుందని చూపాడు. నేటికీ ప్రయోగశాలల్లో కుందేలు పేగు ముక్కను ఇలాగే వేలాడదీస్తారు. ద్రావణంలో పొటాషియం పెంచితే కణపొర విద్యుత్ స్థితి మారి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి, ముక్క బిగుసుకుంటుంది. అప్పుడు మొక్క సారం కలిపి చూడాలి. కరాచీలోని ఆగా ఖాన్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్వర్ గిలానీ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో వాము సారం ఆ బిగుతును సడలించింది. కాల్షియం ద్వారాలను మూసే వెరపామిల్ మందు తీరే దానిలోనూ కనిపించింది.

అన్ని మొక్కలూ ఒకే దారిన పోవు. ఉమ్మెత్తలోని అట్రోపిన్, కండరాన్ని ముడుచుకోమని నాడులు పంపే అసిటైల్‌కోలిన్ సందేశాన్ని అడ్డుకుంటుంది. పేగు సడలడం నిజమే కానీ గుండె వేగం, చూపు, మతి కూడా తారుమారవుతాయి. ఉమ్మెత్త గింజ ఇంటి వైద్యం కానే కాదు, విషం.

మనుషుల్లో ఎక్కువగా పరీక్షించింది పెప్పర్‌మింట్ నూనెను. దానిలోని మెంథాల్ కూడా కాల్షియం ద్వారాలనే మూస్తుంది. చికాకు పేగు వ్యాధిలో దీన్ని వాడి చూడవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021లో సూచించింది. అయితే ఆ నూనె జీర్ణాశయంలో కాక పేగులో కరిగే గుళికల రూపంలో ఇస్తారు. లేకుంటే అన్నవాహిక చివరి కవాటం కూడా సడలి ఛాతీలో మంట రావచ్చు. మన చట్నీ పుదీనా సాధారణంగా స్పియర్‌మింట్; దాని వాసన కార్వోన్‌ది, మెంథాల్ అందులో స్వల్పం. పుదీనా పచ్చడి తిని ఆ గుళిక ఫలితం ఆశించడం కుదరదు.

గాజు పాత్రలో పేగు ముక్కకు సారం నేరుగా తగులుతుంది. నమిలిన వాము జీర్ణమవుతూ, కలిసిపోతూ, పలచబడుతూ పోతుంది. అందుకే అక్కడి ఫలితాన్ని చెంచా లెక్కలోకి మార్చలేం. పైగా సడలింపు నొప్పిని తగ్గిస్తుందే గాని కారణాన్ని కాదు. నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జరిగినా, జ్వరం, ఆగని వాంతులు, రక్తం, గట్టిపడిన పొట్ట ఉన్నా అపెండిసైటిస్ వంటివి కావచ్చు. అప్పుడు వాము డబ్బా పక్కన పెట్టి ఆసుపత్రికి బయలుదేరాలి.