మగతోడు లేకుండానే గెక్కో గుడ్డు పెడితే ఏం చేయాలి?

సౌదీలోని మీ ఫ్లాట్‌లో ఒంటరిగా పెరుగుతున్న లెపర్డ్ గెక్కో ఓ ఉదయం రెండు గుడ్లు పెట్టిందా? కంగారు పడకండి. తణుకు చుట్టుపక్కల లేయర్ ఫారాల్లో పుంజు ఉండదు, అయినా లారీల కొద్దీ గుడ్లు వస్తూనే ఉంటాయి. ఇదీ అంతే. ఈడుకొచ్చిన ఆడదానికి వెచ్చదనం, వెలుగు, కడుపునిండా తిండి అందితే అండాశయంలో సొన పెరుగుతుంది, అండం విడుదలవుతుంది, చుట్టూ పెంకూ కడుతుంది. మగది వచ్చేదాకా శరీరం ఆగదు. ఫలదీకరణ జరగకపోతే పిల్ల మాత్రం రాదు.

ఇది జబ్బు కాదు. కానీ గుడ్డుకు పోయే కాల్షియం తల్లి ఒంట్లోదే. మన పని ఆ తల్లిని కాపాడుకోవడం.

కావలసినవి

- మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, గెక్కో లోపల ఇటు అటు తిరగగలిగేంత
- కొబ్బరి పీచు పొడి
- డి3 ఉన్న కాల్షియం పొడి, డి3 లేనిది ఇంకొకటి
- గ్రాముల్లో చూపే వంటింటి త్రాసు
- థర్మామీటరు, చిన్న టార్చి, పెన్సిలు

చేసే విధానం

1. ముందు ఆడదేనని రూఢి చేసుకుందాం. వెనక కాళ్ల మధ్య ‘వి’ ఆకారంలో స్పష్టమైన రంధ్రాల వరుస, తోక మొదట్లో రెండు ఉబ్బులు ఉంటే మగది.

2. దాన్ని చేత్తో ఎత్తకుండా పారదర్శకమైన డబ్బాలోకి నడిపించి, కింది నుంచి పొట్ట చూద్దాం. పలుచని చర్మం కింద రెండు తెల్లటి కోల ఆకారాలు కనిపిస్తే గుడ్లు దగ్గరపడ్డట్టే. వేలితో నొక్కి చూడకూడదు, లోపలే చితికిపోవచ్చు.

3. డబ్బా పక్కన తల దూరేంత కంత చేసి, అంచుల గరుకు పోగొడదాం. తడిపిన పీచు పొడిని నాలుగు వేళ్ల లోతున నింపాలి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధారగా కారకూడదు. రియాద్ పొడి గాలికి, పైగా ఏసీకి ఈ తడి త్వరగా ఆరిపోతుంది. రోజూ తాకి చూడాలి. జెడ్డా, దమ్మాం గాలిలో తేమ ఎక్కువే అయినా ఏసీ గదిలో ఉంటే అక్కడా ఇదే జాగ్రత్త.

4. డబ్బాను తొట్టిలో వెచ్చని వైపు పెడదాం. అక్కడి నేల 31–33 డిగ్రీలు ఉండాలి. ఏసీ గాలి నేరుగా తొట్టి మీద పడకూడదు.

5. మేతగా వేసే పురుగులకు కాల్షియం అద్ది పెడదాం. డి3 లేని పొడిని చిన్న మూతలో ఎప్పుడూ ఉంచుదాం, కావాలన్నప్పుడు నాకుతుంది. డి3 ఉన్నదాన్ని ప్రతిసారీ వాడకండి, అతి అయితే అదీ హానే.

6. గుడ్లు పెట్టాక పొట్ట లోపలికి పోయి, చర్మం వదులవుతుంది. నీళ్లు, మేత ఇచ్చి వారానికోసారి తూచి రాసుకుందాం.

7. గుడ్ల పైభాగాన పెన్సిలు గుర్తు పెట్టి, అటు ఇటు తిప్పకుండా వెచ్చని తడి పీచు పొడిలో వారం ఉంచి, చీకట్లో టార్చి పట్టి చూద్దాం. లోపలంతా పసుపే ఉంటే వట్టి గుడ్డు. ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. వట్టివి మెత్తబడి, సొట్టలుపడి బూజు పడతాయి, తీసి పారేద్దాం. చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవొద్దు, సాల్మొనెల్లా అంటుకోవచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

వట్టి గుడ్డేనని ముందే తేల్చేయడం మొదటిది. దుకాణంలో మగదానితో కలిసి ఉండి వచ్చిన ఆడది వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు. ఇక మోర్నింగ్ గెక్కోలలో దాదాపు అన్నీ ఆడవే. మగది లేకుండానే వాటి గుడ్లలోంచి పిల్లలొస్తాయి.

రెండోది పెద్దది. జూలైలో సెలవుకు ఇండియా వెళ్తూ ఏసీ కట్టేయడం. మూసిన గదిలో ఆ వేడికి గెక్కో బతకదు. ఏసీ నడిచేలా, ఎవరైనా వచ్చి నీళ్లు, డబ్బా తడి చూసేలా ఏర్పాటు చేసుకోవాలి.

మూడోది, గుడ్డు అడ్డుపడితే రేపు చూద్దాంలే అనుకోవడం. రోజుల తరబడి తవ్వుతూనే ఉండి పెట్టకపోవడం, నీరసం, వెనక కాళ్లు ఈడ్చడం కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ప్రతి పశువైద్యుడూ బల్లులను చూడడు. మీ ఊళ్లో చూసేదెవరో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. వెళ్లేటప్పుడు పొట్ట ఫోటో, రాసుకున్న బరువులు, వాడే కాల్షియం డబ్బా వెంట తీసుకెళ్లండి.