సెలవునాడు గుఱ్ఱమునకు మేత

విద్యార్థులారా! అజ్ఞాతవాసమున నకులుడు దామగ్రంథి యను పేరుతో విరటుని అశ్వశాలను చేరెనని తిక్కనగారి విరాటపర్వమున మీరు చదివియున్నారు. రాకుమారుడు గుఱ్ఱములను మేపుటయు, వాని రోగములను మాన్పుటయు నేర్చుట ఆనాడు గౌరవముగనే యెంచబడెను. మనుమంచి భట్టు గుఱ్ఱములను గూర్చి హయలక్షణ విలాసమను గ్రంథమును మన తెలుగుననే రచించెను. కావున అశ్వవైద్యము మన భాషకు క్రొత్త విషయము కాదు. అందలి యొక చిన్న పాఠమును నేడు మీ ముందుంచుచున్నాము.

రైలు దిగినవారిని ఇండ్లకు చేర్చుటకు ఒకప్పుడు జట్కాలే దిక్కు. నేడవి అరుదైనను గుఱ్ఱములు మన ప్రాంతమును విడిచిపోలేదు. ఈరోడు జిల్లా అందియూరున గురునాథస్వామి యుత్సవమునకు ఆడిమాసమున గుఱ్ఱముల సంత కూడును. గుఱ్ఱముపై బ్రతుకు సాగించు కుటుంబమునకు, అది కాళ్ళు కదపలేక నిలిచిపోయిన దినమున కూలి పోవుటయే గాక గుఱ్ఱమే దక్కకపోవు ప్రమాదమును కలదు. అట్లు నిలిపివేయు కండరముల వ్యాధి యొకటి యున్నది.

పాశ్చాత్య దేశములలో బండిగుఱ్ఱములకు ఆదివారము సెలవు. పని లేకున్నను గింజల మేత మాత్రము నిత్యము వలెనే పెట్టెడివారు. సోమవారము బండికి కట్టిన కొంతసేపటికే గుఱ్ఱము బిగుసుకొని నిలిచిపోయెడిది. అందుచే దానికి ‘సోమవారపు జబ్బు’ అని పేరు వచ్చెను. నడుము, పిరుదుల కండరములు రాతివలె గట్టిపడును. చెమట ధారలు గట్టును. మూత్రము ఎఱుపు కలిసిన గోధుమవన్నెకు మారును. దెబ్బతిన్న కండరములనుండి వెడలిన రంగుపదార్థమే యిందుకు కారణము. అది మూత్రపిండములను సైతము చెఱుపగలదు.

ఈ స్థితిలో గుఱ్ఱము మొండికేసినదని తలచి కొరడా నెత్తుట క్రూరము మాత్రమే కాదు, అపాయకరము. దానిని నడిపింపరాదు. ఉన్నచోటనే బండి విప్పి, నీడ కల్పించి, నీరు అందుబాటున నుంచి, వెంటనే పశువైద్యుని పిలువవలెను. గింజలు పెట్టరాదు. కడుపునొప్పియందును చెమట, బాధ కనబడును గనుక ఏది యేదో నిర్ణయించుట వైద్యుని పని.

ఇట్లేల కలుగును? తిన్న పిండిపదార్థము చక్కెరగా మారి, కండరములలో గ్లైకోజన్ అను రూపమున నిలువయుండును. గాదెలోని ధాన్యము వలె అది పనివేళ ఖర్చగును. కొన్ని గుఱ్ఱములలో ఈ నిలువ అసహజముగా నుండునని 1992లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఇట్టివానిలో ఒక తెగకు జన్యుదోషము కారణమని 2008లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు పరిశోధకులు కనుగొనిరి. అట్టి గుఱ్ఱము గాదె నింపుకొనునే గాని పనివేళ దాని నుండి తగినంత శక్తిని పొందజాలదు. అయితే బిగుసుకొను ప్రతి గుఱ్ఱమునకును ఇదే కారణమని తలపరాదు. అలవాటు లేని శ్రమ, ఉప్పు లోపము, విటమిన్ ఇ లోపము కూడ కండరములను బాధించును.

జన్యుదోషమును మాన్పు మందు లేదు. కాని మేతను, పనిని సరిదిద్దినచో పెక్కు గుఱ్ఱములు సుఖముగా బ్రతుకును. గడ్డియే గుఱ్ఱమునకు ముఖ్యాహారము. దేహపు బరువులో నూటికి 1.5 మొదలు 2 వంతుల ఎండుమేత దినమునకు కావలెను. అనగా 300 కిలోల గుఱ్ఱమునకు 4.5 మొదలు 6 కిలోలు. ఉలవలు బలమైన మేతయే. వానిలో మాంసకృత్తులు నూటికి సుమారు 22 వంతులు గలవు. కాని పిండిపదార్థము అంతకు మించి యున్నది. కావున వ్యాధి సోకిన గుఱ్ఱమునకు గింజలను, బెల్లమును తగ్గించి, చాలని శక్తిని వైద్యుని సలహాపై కొద్దికొద్దిగా అలవాటు చేసిన వంటనూనెతో పూరింతురు. మేతలో ఏ మార్పైనను ఒక్కదినమున చేయరాదు.

ఋతువులను కూడ గమనింపవలెను. మన సీమలో ఆశ్వయుజ కార్తికముల వానలకు పచ్చిక పొంగును. లేతగడ్డిలో చక్కెర హెచ్చుగా నుండవచ్చును. పగటి యెండకు అది మఱింత పెరుగును. అందుచే వ్యాధిగల గుఱ్ఱమును మధ్యాహ్నము గాక తెల్లవారుజామున కొద్దిసేపు మేపుట మేలు. వేసవిలో పచ్చిక కఱవగును. ఎండుగడ్డి నిలువయున్నకొలది విటమిన్ ఇ క్షీణించును. కావున కొంత పచ్చిమేత సంపాదింపవలెను. చెమటతో ఉప్పు పోవును గనుక 500 కిలోల గుఱ్ఱమునకు దినమునకు సుమారు 30 గ్రాముల ఉప్పు, కడుపార నీరు అవసరము. ఎండుగడ్డిని అరగంట మొదలు గంట వఱకు నానబెట్టి ఆ నీటిని పాఱబోసినచో చక్కెర కొంత తగ్గును. వేసవిలో నానిన గడ్డి త్వరగా పులియును గాన వెంటనే వేయవలెను. చలిలో చెమటతో నున్న గుఱ్ఱమును గాలికి నిలుపరాదు.

తలిదండ్రులకు ఒక మనవి. ‘పాపము, నేడు సెలవుగదా, కడుపునిండ తిననిండు’ అని గింజల తొట్టి నింపుట మన జాలిగుండెకు సహజమే. కాని ఆ జాలియే మఱునాడు గుఱ్ఱమును పడగొట్టవచ్చును. సెలవునాడు గడ్డిని తగ్గింపక గింజలను సగమునకు మించకుండ పెట్టుడు. దినమంతయు కట్టివేయక కొంతసేపు నడిపింపుడు. పని పెరిగినప్పుడు మేత పెంచవలెను. పని తగ్గినప్పుడు తగ్గింపవలెను. దీనినే నిజమైన దయ యని మేము తలచుచున్నాము.

బాలబాలికలారా! ఒక జట్కాగుఱ్ఱమునకు పనిదినమున 2 కిలోల ఉలవలు పెట్టుదురు. దాని బరువు 280 కిలోలు. సెలవునాడు ఉలవలు ఎంతకు మించరాదు? ఎండుగడ్డి ఎంత కావలెను? లెక్కగట్టి, ఇంట పెద్దలకు కారణముతో సహా తెలుగున వివరింపుడు.