మూడింట రెండు వంతుల వాటా



నువ్వూ నీ స్నేహితురాలూ కలిసి కంపెనీ పెడుతున్నామని రాశావు. యంత్రం పని నీది, డబ్బూ బేరసారాలూ ఆ అమ్మాయివి. చాలా సంతోషం. పొత్తు కాగితం రాసుకునే ముందు జేమ్స్ వాట్, మాథ్యూ బౌల్టన్‌ల సంగతి నీకు చెప్పాలి. ఆవిరి యంత్రం ఎలా తిరుగుతుందో కాలేజీలో చదివే ఉంటావు. దాని వెనక వాటాలు ఎలా తిరిగాయో అక్కడ చెప్పరు.

వాట్ యంత్రానికి ముందున్న న్యూకొమెన్ యంత్రంలో ఆవిరి నిండిన సిలిండర్‌లోకే చన్నీళ్లు చిమ్మేవారు. దోసె దోసెకీ పెనం చల్లార్చి మళ్లీ కాల్చినట్టు, బొగ్గులో చాలా భాగం సిలిండర్‌ను తిరిగి వేడెక్కించడానికే పోయేది. ఆవిరిని వేరే పాత్రలోకి లాగి అక్కడ చల్లార్చాలన్న ఆలోచన గ్లాస్గోలో వాట్‌కు 1765లో తట్టింది. ఆ యంత్రం అమ్ముడుపోయి పనిలోకి దిగేసరికి 1776 వచ్చింది. ఆ పదకొండేళ్లూ నువ్వు జాగ్రత్తగా చూడాలి.

మొదట పొత్తు కలిసినవాడు జాన్ రోబక్. స్కాట్లండ్‌లో కారన్ ఇనుప కర్మాగారం పెట్టినవాళ్లలో ఒకడు. అతని బొగ్గు గనుల్లో నీళ్లు ఊరుతున్నాయి, పాత యంత్రం తోడలేకపోతోంది. వాట్ నెత్తిన ఉన్న వెయ్యి పౌండ్ల అప్పు తీర్చి, పేటెంట్ ఖర్చు భరించి, మూడింట రెండు వంతుల వాటా తీసుకున్నాడు. 1769లో పేటెంట్ వచ్చింది. యంత్రం మాత్రం సరిగా ఆడలేదు. సిలిండర్ గుండ్రంగా లేక పిస్టన్ పక్కల నుంచి ఆవిరి కారిపోయేది. నూనె గుడ్డలు, బెండు, చివరికి పాత టోపీ కూడా కుక్కి చూశాడు వాట్. ఇల్లు గడవడానికి కాలువల సర్వే పనికి పోయాడు. 1773లో రోబక్ దివాలా తీశాడు. అతన్ని చెడ్డ భాగస్వామి అనడానికి నాకు మనసొప్పదు. ఎవరూ నమ్మనప్పుడు డబ్బు పెట్టినవాడు. ఆ డబ్బు నీళ్లు నిండిన గనిలోనే ఇరుక్కుంది.

బర్మింగ్‌హామ్‌లో సోహో కర్మాగారం నడిపే బౌల్టన్‌కు రోబక్ 1,200 పౌండ్లు బాకీ. ఆ బాకీ కింద పేటెంట్ వాటా రాయించుకున్నాడు. మిగతా అప్పులవాళ్లు ఆ వాటా చిల్లిగవ్వ చేయదనుకున్నారు. అంతకు ముందు రోబక్ మూడు జిల్లాలకే హక్కు ఇస్తానంటే బౌల్టన్ ఒప్పుకోలేదు. చేస్తే ప్రపంచమంతటికీ చేయాలన్నాడు. 1775లో పార్లమెంటు పేటెంట్‌ను 25 ఏళ్లు పొడిగించింది. వాట్, బౌల్టన్‌ల పొత్తు కూడా 1800 దాకానే. బౌల్టన్‌కు రెండు వంతులు, వాట్‌కు ఒక వంతు. ప్రయోగాల ఖర్చూ పెట్టుబడీ బౌల్టన్‌వి, డ్రాయింగులు వాట్‌వి. బేరమాడడం కన్నా గుండు నింపిన ఫిరంగి ముందు నిలబడడం నయమనుకునే మనిషి వాట్. ఆ పని బౌల్టన్‌కు వెన్నతో పెట్టిన విద్య.

సిలిండర్ సమస్య తీర్చింది మూడో మనిషి, జాన్ విల్కిన్సన్. ఫిరంగి గొట్టాలు తొలిచే తన పద్ధతితో 1775లో సిలిండర్ తొలిచి పంపాడు. పాత షిల్లింగ్ నాణెం మందం తేడా కూడా ఎక్కడా లేదని బౌల్టన్ పొంగిపోయాడు. ఈ మనిషికి పొత్తులో వాటా లేదు. తర్వాత్తర్వాత అతనే వీళ్లకు చెప్పకుండా యంత్రాలు కట్టి అమ్ముకున్నాడు. నీకు విడిభాగాలు చేసిచ్చేవాళ్లతో మాట ఎలా ఉండాలో ఇప్పుడే ఆలోచించుకో.

ఇక డబ్బు వచ్చిన దారి. బొగ్గు దొరకని కార్న్‌వాల్ రాగి గనులకు యంత్రాలిచ్చి, పాత యంత్రంతో పోలిస్తే ఆదా అయిన బొగ్గు విలువలో మూడో వంతు ఏటా తీసుకున్నారు. యంత్రం దూలం ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పరికరం బిగించి తాళం వేశారు. కొన్నేళ్లకు గనులవాళ్లు ఎదురు తిరిగారు, వ్యవహారం కోర్టుకెక్కి 1799 దాకా నడిచింది. ఏటేటా కట్టించుకునే రుసుము మీద వ్యాపారం నిలబెడితే ఈ తగాదా కూడా దాంతోనే వస్తుంది.

ఇక మీ కాగితం సంగతి. మన దేశంలో 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానంగా పంచుకోవాలి. మీ ఇద్దరి పెట్టుబడి సమానం కాదని నువ్వే రాశావు. ప్రయోగం పాడైతే ఖర్చెవరిది, మీలో ఒకరు తప్పుకుంటే డిజైన్ ఎవరిది, పొత్తు ఎన్నేళ్లు — ఈ మూడూ ఒక చిత్తు కాగితం మీద ఇద్దరూ కలిసి రాయండి. స్టాంపు పేపరు కొనేలోపు అది నాకు పంపు.

మీ పెదనాన్న