పీచు పొడి, శరీర బరువు: ఒక విద్యార్థికి లేఖ

శాంతిపురం



బరువు తగ్గిస్తుందంటూ అమ్మే పీచు పొడుల గురించి పోషకాహార విద్యార్థి ఒక అభిప్రాయానికి వచ్చే ముందు, పీచంతా ఒకే తీరుది కాదని గ్రహించాలి. చిన్నప్రేగులో జీర్ణం కాకుండా మిగిలే వృక్షసంబంధమైన పదార్థమే పీచు. అందులో నీట కరగనిది ముఖ్యంగా విరేచనం సాఫీగా అయ్యేందుకు తోడ్పడితే, కరిగేవాటిలో ఇసబ్‌గోల్ పొట్టు, గ్లూకోమన్నన్ వంటివి నీటిని పీల్చి జిగటగా మారి, కడుపు నిండిన భావాన్ని కొంతసేపు నిలుపుతాయి.

ఈ ప్రభావం ఎంతటిదో తెలియాలంటే రెండు సమీక్షలను పక్కపక్కన ఉంచి చదవాలి. అధిక బరువు, స్థూలకాయం గల 609 మందిపై 2 నుంచి 17 వారాలు జరిగిన 12 పరీక్షలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో, కరిగే పీచు తీసుకున్నవారు తీసుకోనివారికంటే సగటున 2.52 కిలోలు ఎక్కువ తగ్గారు. 62 పరీక్షలను కలిపిన 2020 నాటి సమీక్షలో, తిండికి పరిమితి పెట్టకుండా జిగట పీచు ఇచ్చినప్పుడు ఆ తేడా 0.33 కిలో మాత్రమే. మొదటి సమీక్షలోని ఫలితాలు ఒకదానితో ఒకటి అంతగా పొసగనివి, పైగా స్వల్పకాలికమైనవి. అందువల్ల ఎవరికి, ఎంతకాలం, ఎటువంటి ఆహారంతో అనే ప్రశ్నలు వేయకుండా ఏ సగటునూ నమ్మరాదు.

మన కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల భోజనానికీ ఇదే విచక్షణ వర్తిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 11 గ్రాములకు పైగా పీచు ఉండగా, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములైనా లేదు. అయితే రాగుల పీచులో కరిగేది 2 గ్రాములలోపే, వాటి నుంచి లభించే శక్తి కూడా బియ్యానికి ఇంచుమించు దగ్గరే. కనుక రాగి సంగటి ముద్ద పెద్దదిగానే ఉంటే, దానికి ఇసబ్‌గోల్ తోడైనా బరువు చెప్పుకోదగినంత తగ్గదు. ముద్ద చిన్నదై, పక్కన ఉలవలు, అనపగింజలు, ఆకుకూరలు పెరిగినప్పుడే తక్కువ శక్తితో ఆకలి తీరుతుంది. పితికిపప్పు కోసం అనపగింజల తోలు తీసినప్పుడు పీచులో కొంత దానితోనే పోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

పొడి వాడదలచినవారికి జాగ్రత్తలు చెప్పడం విద్యార్థి ధర్మం. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో గ్లూకోమన్నన్‌కు అంగీకరించిన పద్ధతి, శక్తి తగ్గించిన ఆహారంతో పాటు రోజుకు 3 గ్రాములను మూడు విడతలుగా, భోజనానికి ముందు ఒకటి రెండు గ్లాసుల నీటితో తీసుకోవడం. నీరు చాలకపోతే పొడి గొంతులోనే ఉబ్బి అడ్డుపడవచ్చు. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు దానికి దూరంగా ఉండాలి, మధుమేహానికి మందులు వాడేవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

పొడి పేరు అడిగే ప్రతివారినీ ముందు వారి రోజువారీ భోజనం గురించి విచారించి, ఆ తర్వాతే సలహా చెప్పే అలవాటు విద్యార్థికి అబ్బుగాక.