వీసా కాగితమును చదువుట ఎట్లు?

ఈ సంచికలోని పాఠము నూలును గూర్చి కాదు, రంగులను గూర్చియు కాదు, వీసాను గూర్చి. నేత పత్రికలో దీనికేమి పని యని కొందరు అడుగవచ్చును. ఇద్దరు మగ్గము మీద, ఒకరు గల్ఫులో ఉన్న ఇండ్లు ఇక్కడ షోలాపురములోను, భివండీలోను, మన పెద్దలు వచ్చిన సిరిసిల్ల, కరీంనగరు వైపునను ఎన్ని కలవో మీకే తెలియును. కావున ఇదియు మన పాఠమే.

ముందుగా మా పొరపాటు చెప్పుకొందుము. 2024 ఫిబ్రవరిలో మా సంఘ సభ్యుని కుమారుడొకడు దుబాయి పోవుటకు అప్పు కోరి వచ్చెను. తల్లి గాజులు కుదువబెట్టి కొంత, సంఘమునుండి కొంత తెచ్చి, ఏజెంటుకు 85,000 రూపాయలు చెల్లించిరి. వీసా కాగితమును మాకు చూపిరి. మేము మెట్రిక్ వరకు చదివినవారమే. అబ్బాయి పేరు, పుట్టిన తేదీ సరిగా నున్నవని చూచి అప్పు మంజూరు చేసితిమి. ఆ కాగితము మీదనే 'విజిట్' అను మాట అచ్చయి యున్నది. దానిని చదివితిమి గాని, దాని అర్థమేమని అడుగలేదు.

అది 60 దినముల సందర్శన వీసా. పనికి పర్మిటు రానేలేదు. ఏప్రిలులో గడువు తీరెను. ఆ దేశములో గడువు మీరి ఉన్న ప్రతి దినమునకు 50 దిర్హముల జుర్మానా. ఆరు నెలలకు 9,000 దిర్హములు, అనగా మన లెక్కలో సుమారు రెండు లక్షల రూపాయలు. 2024 సెప్టెంబరు 1 మొదలు డిసెంబరు 31 వరకు ఆ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించుటచే జుర్మానా లేకుండ ఆ అబ్బాయి అక్టోబరులో ఇల్లు చేరెను. గాజులు ఇంకను విడిపింపలేదు. మరియొక తల్లికి ఈ గతి పట్టరాదని ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. పాస్‌పోర్టు వేరు, వీసా వేరు

పాస్‌పోర్టు మన ప్రభుత్వము ఇచ్చునది. ఈతడు మా దేశపు పౌరుడు అని చెప్పును. వీసా పోవు దేశము వారు ఇచ్చునది. ఏ పనికై, ఎన్ని దినములకు లోనికి రావచ్చునో చెప్పును. ఒక పనికై ఇచ్చిన వీసాతో వేరొక పని చేయుట అక్కడ నేరము.

2. వీసా రకములు

సందర్శన వీసా: బంధువులను, ఊరిని చూచుటకు. దుబాయి మొదలగు ఎమిరేట్లలో ఇది సాధారణముగా 30 లేక 60 దినములకు ఇత్తురు. దీనితో కూలి పని కూడ చేయరాదు. "ముందు పొమ్ము, అక్కడ మార్పింతుము" అను మాటను నమ్మి అప్పు చేయరాదు.

ఉద్యోగ వీసా: దీనికి యజమాని ఉండవలెను. ఎమిరేట్లలో మొదట ప్రవేశపు పర్మిటు, అక్కడ చేరిన పిమ్మట వైద్య పరీక్ష, ఎమిరేట్స్ గుర్తింపు కార్డు, నివాసపు వీసా వరుసగా వచ్చును. ప్రైవేటు కొలువునకు సాధారణముగా రెండేండ్ల గడువు. సౌదీలో నివాసపు కార్డును ఇఖామా అందురు.

ఇంటిపని వీసా: కువైటులో ఇంటిపనికి ఇచ్చునది 20వ నంబరు, ప్రైవేటు కంపెనీ పనికి ఇచ్చునది 18వ నంబరు. 20 చేతికిచ్చి దుకాణములో పని యని చెప్పినచో అది మోసము.

కుటుంబ వీసా: భార్యాబిడ్డలను పిలిపించుకొనుటకు. ఎమిరేట్లలో నెలకు 4,000 దిర్హములు గాని, వసతితో కూడ 3,000 గాని జీతము ఉండవలెను. కూలి జీతమునకు ఇది అందదు.

ఆజాద్ వీసా: ఈ పేరుగల వీసా ఏ ప్రభుత్వమును ఇచ్చుట లేదు. ఒకని పేర వీసా తీసి, వేరొకచోట పని వెదకుకొమ్మని పంపుటకే ఆ పేరు పెట్టిరి. పట్టుబడినచో కష్టపడువాడు కార్మికుడే. నూలు కట్ట మీది చీటిలో 40వ నంబరని ఉన్నను మనము చిలప విప్పి చూతుము గదా! ఇక్కడను అట్లే చేయవలెను.

3. పదవ తరగతి విలువ

పదవ తరగతి ప్యాసు కానివారి పాస్‌పోర్టులో సాధారణముగా 'ఇ.సి.ఆర్.' అను ముద్ర పడును. 50 ఏండ్లు దాటినవారికిని, ఆదాయపు పన్ను కట్టువారికిని, మరికొందరికిని మినహాయింపు కలదు. ఈ ముద్ర గలవారు గల్ఫు దేశములు, మలేషియా మొదలగు 18 దేశములకు పనికై పోవలెనన్న, 1983 ఎమిగ్రేషన్ చట్టము క్రింద వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. ముంబయి, చెన్నై, హైదరాబాదులలో ఈ కార్యాలయములు కలవు.

ఈ అనుమతి అడ్డంకి కాదు, కాపుదల. ఒప్పందమును చూచినగాని వారు అనుమతి ఇయ్యరు. దీనిని తప్పించుటకే కొందరు ఏజెంట్లు సందర్శన వీసా మీద పంపుచున్నారు. 30 ఏండ్లు నిండని స్త్రీలకు ఈ ముద్ర ఉన్నచో ఆ దేశములలో పనికి అనుమతి లేదు. కండెలు చుట్టుటకు తొమ్మిదవ తరగతిలో బడి మాన్పించిన పిల్లవానికి ఈ ముద్ర జీవితమున ఎంత అడ్డము వచ్చునో తలిదండ్రులు ఆలోచింపవలెను.

4. ఏజెంటు, రుసుము

లైసెన్సు గల ఏజెంటు మాత్రమే మనుష్యులను పరదేశపు పనికి పంపవచ్చును. ఆ నంబరు నిజమైనదో కాదో ప్రభుత్వపు ఇ-మైగ్రేట్‌లో చూడవచ్చును. అతడు తీసికొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.యస్.టి. అంతకు మించి ఇయ్యనక్కరలేదు. ఇచ్చినదానికి రసీదు పుచ్చుకొనవలెను. ఎమిరేట్ల కార్మిక చట్టము ప్రకారము నియామకపు ఖర్చును కార్మికునిపై వేయరాదు. అతని పాస్‌పోర్టును యజమాని ఉంచుకొనరాదు.

5. సిద్ధము చేసికొనవలసినవి

ఆరు నెలలకు తక్కువ కాని గడువుగల పాస్‌పోర్టు, ఫోటోలు, సంతకములైన ఉద్యోగ ఒప్పందము, ఆమోదిత కేంద్రములో వైద్య పరీక్ష. ఇందు మనవారు ముఖ్యముగా గమనింపవలసినది ఎక్స్-రే. రొమ్ములో పాత క్షయ మచ్చ కనబడినను అనర్హుడని వ్రాయుదురు. కావున ఏజెంటుకు పైకము చెల్లింపకముందే డాక్టరుకు చూపుకొనుడు.

ఇ.సి.ఆర్. వారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేండ్లకు ప్రీమియము 275 రూపాయలు. ప్రమాదమున ప్రాణము పోయినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను పది లక్షలు వచ్చును. ఈ కాగితముల నకళ్లు ఒక జత ఇంటిలో భార్యవద్దనో తల్లివద్దనో ఉండవలెను.

6. ఆపద వచ్చినచో

మన రాయబార కార్యాలయమునకు పోవలెను. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధినుండి, గతిలేనివారికి వసతి, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు, మృతదేహమును స్వదేశము చేర్చుట మొదలగు సహాయములు చేయుదురు. దుబాయి, రియాద్, జెడ్డాలలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రములు కలవు.

పాఠపు ప్రశ్నలు

పైకము చెల్లింపకముందు ఇంటిల్లిపాదియు కూర్చుండి వీనికి జవాబు వ్రాయుడు.

వీసా రకమేమి? గడువెంత? యజమాని పేరేమి? చెప్పిన పనియు కాగితము మీది పనియు ఒకటేనా? ఏజెంటు లైసెన్సు నంబరెంత? ఇచ్చిన పైకమునకు రసీదు ఉన్నదా?

ఒక్కదానికి జవాబు రాకున్నను పైకము ఇయ్యవలదు. కాగితము పట్టుకొని సంఘ కార్యాలయమునకు రండి. ఈసారి మేమును ప్రతి మాటకు అర్థము తెలిసికొనిన పిమ్మటనే అప్పు కాగితముపై సంతకము చేయుదుము.