ముందు ఒకటి తీసేయండి, ఆ తర్వాత కూర్చోండి

ధ్యానం మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే మానేస్తారు. అడిగితే "టైం దొరకడం లేదండీ" అంటారు. నిజమే, దొరకదు. పొద్దున వాట్సాప్, పగలు ఆఫీసు, రాత్రి సిరీస్ అన్నీ ఎక్కడివక్కడే ఉంచి, వాటి సందులో ధ్యానాన్ని కూడా ఇరికించాలని చూస్తే అదెలా నిలుస్తుంది? బౌద్ధంలో వరస వేరు. మొదట విడవడం, తర్వాత కూర్చోవడం. భిక్షువుకైనా సంసారికైనా వరస ఇదే. ఎంత విడుస్తారన్న దగ్గరే తేడా.

థేరవాద సంప్రదాయపు బౌద్ధ భిక్షువుకు 227 నియమాలు. మధ్యాహ్నం దాటితే భోజనం లేదు. డబ్బు ముట్టకూడదు. భిక్షాపాత్రలో ఏది పడితే అదే ఆ రోజు తిండి. మనకు ఇవన్నీ కష్టాలుగా కనిపిస్తాయి. కానీ ఆయన రోజును లెక్కగట్టి చూడండి: రాత్రికేం వండాలి, ఏ చొక్కా వేసుకోవాలి, ఎవరికి ఎంత బాకీ అన్న తర్జనభర్జనలన్నీ ఒక్కసారిగా పోయాయి. సాయంత్రమంతా ఖాళీ. ధ్యానానికి చోటు అక్కడ దొరికింది.

"ఆయనకేం, మాకు పిల్లలున్నారు, ఈఎంఐలున్నాయి" అంటారా? అయితే ఊ బా ఖిన్ కథ మీకోసమే. 1899లో రంగూన్‌లో పుట్టారు. అకౌంట్స్ ఆఫీసులో గుమస్తాగా చేరి, మెట్టు మెట్టు ఎక్కి, 1948లో బర్మా స్వతంత్రమయ్యాక ఆ దేశపు అకౌంటెంట్ జనరల్ అయ్యారు. 1937లో ధ్యానం పట్టుకున్నారు. ఆయనకు నేర్పిన సయా తెట్జీ కూడా భిక్షువు కాదు, గృహస్థు, రైతు. ఊ బా ఖిన్ తన ఆఫీసులోనే ఒక గదిని ధ్యానానికి కేటాయించి సిబ్బందికి నేర్పారు. 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం పెట్టారు. మరోవైపు ఒకేసారి పలు శాఖల బాధ్యత మోశారు. 1967 దాకా సర్కారు కొలువులోనే ఉన్నారు. గృహస్థుగానే జీవించారు.

1955లో ఆయన దగ్గరికి తీవ్రమైన మైగ్రేన్‌తో ఒక వ్యాపారి వచ్చారు. నొప్పి తగ్గడానికి మార్ఫిన్ దాకా వెళ్లిన మనిషి. తలనొప్పికి మందు కోసమే అయితే రావద్దని ఊ బా ఖిన్ మొదట తిప్పి పంపారు. మనసు శుభ్రపడటానికైతే రావచ్చన్నారు. అలా వచ్చిన ఆ వ్యాపారే సత్యనారాయణ గోయెంకా. 1969లో భారత్‌కు వచ్చి విపశ్యన ధ్యాన శిబిరాలు మొదలుపెట్టారు. హైదరాబాద్ శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త విపశ్యన కేంద్రం 1976 నుంచి నడుస్తోంది.

అక్కడి పది రోజుల శిబిరంలో దాదాపు చివరిదాకా మౌనం. ఫోన్ అప్పగించాలి, పుస్తకం తెరవకూడదు, తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. ఫీజు లేదు. అయితే శ్వాస మీద మనసు పెట్టమనడానికి ముందే పంచశీలాలు పాటిస్తానని మాట తీసుకుంటారు: చంపను, దొంగిలించను, వ్యభిచరించను, అబద్ధమాడను, మత్తు ముట్టను. చాలామంది దీన్ని లాంఛనంగా చెప్పేసి ముందుకెళ్లిపోతారు. నా దృష్టిలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. పొద్దున మేనేజర్‌కి అబద్ధం చెప్పి సెలవు తీసుకున్నారనుకోండి. సాయంత్రం కళ్లు మూసుకుంటే శ్వాస ఎక్కడ దొరుకుతుంది? ఆ అబద్ధం నిలబడాలంటే రేపు చెప్పాల్సిన రెండో అబద్ధాన్ని మనసు రిహార్సల్ వేస్తూ ఉంటుంది. కూర్చునే భంగిమ గురించి యూట్యూబ్‌లో వెతికే ముందు ఈ సంగతి చూసుకోండి.

శిబిరానికి వెళ్లే తీరిక లేకపోతే? శ్రీలంకలో, బర్మాలో మామూలు జనం పౌర్ణమి నాడు ఏం చేస్తారో చూడండి. శ్రీలంకలోనైతే తెల్లబట్టలు కట్టుకుని, ఆ ఒక్క రోజుకీ అష్టశీలాలు, అంటే ఎనిమిది నియమాలు పట్టి, మధ్యాహ్నం తర్వాత భోజనం మానేసి, పాటలకూ ఆటలకూ దూరంగా ఉంటారు. మర్నాడు మళ్లీ దుకాణం, పొలం. ఏకాదశి ఉపవాసం తెలిసిన ఇళ్లకు ఇదేమీ వింత కాదు. మీరూ నెలకో రోజు ఎంచుకోండి. సూర్యాస్తమయం నుంచి మర్నాటి పొద్దుటి దాకా స్క్రీన్ ముట్టనని ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి. చెప్పకుండా చేస్తే రాత్రి ఎనిమిదింటికి ఎవరో ఒకరు ఏదో వీడియో చూపిస్తారు, అంతటితో సరి. షుగర్ ఉన్నవాళ్లు భోజనం మానవద్దు, టీవీ మానితే చాలు. మానసిక సమస్యకు మందులు వాడుతున్నవాళ్లు శిబిరానికి వెళ్లే ముందు డాక్టర్‌ని అడగాలి.

ఇక మిగతా రోజుల సంగతి. శిబిరం నుంచి వచ్చినవాళ్లను పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు. ఉద్యోగం, ప్రయాణం, చిన్నపిల్లలు ఉన్నవాళ్లలో ఎంతమందికి అది సాగుతుంది? నన్నడిగితే ఇరవై నిమిషాలతో మొదలుపెట్టమంటాను. అయితే ఆ ఇరవై నిమిషాలు నిద్రలోంచి కోయకండి. రోజూ చేసే ఒక పనికిరాని పనిని పూర్తిగా ఆపి, సరిగ్గా ఆ సమయంలోనే కూర్చోండి. అది టీవీలో రాత్రి తొమ్మిదింటి చర్చా కార్యక్రమం అయితే ఇంకా మంచిది, దాన్ని వదిలినందుకు ఎవరికీ నష్టం లేదు.

మొదటి వారం చెయ్యి దానంతటదే రిమోట్ కోసం తడుముకుంటుంది. తిట్టుకోకండి. ఆ తహతహ ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూడండి, అరచేతిలోనా, గొంతులోనా, ఛాతీలోనా? ఊ బా ఖిన్ తన ఆఫీసు గదిలో గుమస్తాలకు నేర్పింది ఈ పనే: ఒంట్లో పుట్టే సంవేదనను గమనించడం, దాని వెంట పరుగెత్తకుండా ఉండటం. ఇరవై నిమిషాలయ్యాక కూడా టీవీ పెట్టాలనిపిస్తే పెట్టుకోండి. రేపు పాతిక నిమిషాలకు అలారం పెట్టండి.