మోటారు స్టార్టరులో అయస్కాంతం

నూజెండ్ల చుట్టుపక్కల పొలాల్లో బోరు మోటారు ఉన్నచోట స్టార్టరు పెట్టె ఉంటుంది. సాధారణ స్టార్టరులో పచ్చ బొత్తాం నొక్కగానే లోపల 'టక్'మంటుంది, మోటారు తిరుగుతుంది. వేలు తీసినా ఆగదు. కాని కరెంటు పోయి మళ్ళీ వస్తే తనంతట తాను తిరగదు. ఎందువల్ల? ఇదంతా సోలినాయిడ్ అనే తీగచుట్ట చేసే పని.

విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతుందని 1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆయిర్‌స్టెడ్ గమనించాడు. ఒంటి తీగ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం బలహీనమైనది. తీగను గొట్టంలా చుడితే ప్రతి చుట్టు క్షేత్రమూ లోపల ఒకే దిశలో కలుస్తుంది. అప్పుడు చుట్టకు ఒక కొన ఉత్తర ధ్రువం, రెండవ కొన దక్షిణ ధ్రువం అవుతాయి.

పొడవైన చుట్టలో మీటరుకు 1000 చుట్లుండి, 1 ఆంపియరు విద్యుత్తు ప్రవహిస్తే లోపలి క్షేత్రం సుమారు 12.6 గాస్‌లు. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం అర గాస్ కూడా ఉండదు! మీటరుకు చుట్లను గాని, విద్యుత్తును గాని రెట్టింపు చేస్తే క్షేత్రం రెట్టింపవుతుంది. చుట్టలో మెత్తని ఇనుము ఉంచితే ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. విద్యుత్తు ఆపగానే ఆ ఇనుము అయస్కాంతత్వాన్ని దాదాపు పూర్తిగా కోల్పోతుంది. ఉక్కు అలా కాదు, నిలుపుకుంటుంది.

మీరూ చేసి చూడండి. ఇనుప మేకుకు ఎనామిల్ పూత ఉన్న రాగి తీగను 50 చుట్లు చుట్టండి. కొనల దగ్గర పూత గీకి, 1.5 వోల్టుల టార్చి సెల్లుకు కొద్ది క్షణాలు మాత్రమే కలపండి. గుండుసూదులు అంటుకుంటాయి. సెల్లును తిరగేసి కలపండి. ధ్రువాలు తారుమారవుతాయి, అయినా సూదులు అంటుకుంటాయి! ఇనుమును ఏ ధ్రువమైనా ఆకర్షిస్తుంది. అందుకే క్షణక్షణం దిశ మారే ఏసీ కరెంటుతోనూ స్టార్టరు పనిచేస్తుంది. ఇంటి కరెంటుతో మాత్రం ఈ ప్రయోగం ఎన్నడూ చేయరాదు.

ఇక స్టార్టరు సంగతి. చుట్టలోకి కరెంటు రాగానే అది ఇనుప దిమ్మెను లాగుతుంది. దిమ్మెతోపాటు కదిలే రాగి పలకలు మోటారుకు దారి కలుపుతాయి. చుట్టకు కరెంటు అందించే దారి కూడా అప్పుడే కలుస్తుంది. అందువల్ల వేలు తీసినా పట్టు వదలదు. కరెంటు పోతే స్ప్రింగు దిమ్మెను వెనక్కు నెడుతుంది. ఒక ఫేజు పోయి మోటారు ఎక్కువ కరెంటు లాగినప్పుడు ఓవర్‌లోడు రిలే కూడా చుట్టకు కరెంటు ఆపుతుంది.

కొందరు స్టార్టరు పడిపోకుండా దిమ్మెను పుల్లతో బిగిస్తారు. అలా చేస్తే మోటారు కాలిపోవచ్చు. అంతకంటె ముప్పు, కరెంటు లేదనుకొని మోటారు వైర్లు సరిచేస్తున్న మనిషి చేతిలోకి కరెంటు రావచ్చు. స్టార్టరు ఆగి ఉన్నా దానికి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. అందువల్ల మెయిన్ స్విచ్ కట్టకుండా పెట్టె తెరవవద్దని ఇంట్లో పెద్దలకు తప్పక చెప్పండి.